రొట్టె గుర్తుకు రాని నూనె

నజీహా ఇంట్లో సెంటు నిషేధం. పండగైనా, పెళ్ళయినా సరే, ఆలివ్ కోతలు మొదలైన రోజు నుంచి గానుగకు ఆఖరి లారీ వచ్చిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరూ అత్తరు పూసుకోకూడదు, ఘుమఘుమలాడే సబ్బు వాడకూడదు, గదిలో సాంబ్రాణి వెయ్యకూడదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె భర్త లుత్ఫీ ఈ చట్టాన్ని చాలాసార్లే మీరాడు గానీ ఒక్కసారి కూడా తప్పించుకోలేదు. అతను గుమ్మంలో కాలు పెట్టకముందే వంటింట్లోంచి కేక వినపడేది.

అందుకే ఆ ఏడు కోతల కొత్తలో, మేనల్లుడి నిశ్చితార్థానికి బయల్దేరేటప్పుడు, లుత్ఫీ బరితెగించి మెడ మీదా చెవుల వెనకా కొలోన్ దట్టించాడు. తిట్లకు సిద్ధపడే కారెక్కాడు. నజీహా పక్కన కూర్చుంది. స్ఫాక్స్ ఊళ్ళో సాయంత్రం పూట కారు కదలడమే గగనం. చలికి అద్దాలన్నీ మూసే ఉన్నాయి. ఆమె మాత్రం పెళ్ళికూతురి తల్లి గొప్పల గురించీ, చేపల ధర గురించీ చెప్పుకుపోతూనే ఉంది.

సగం దూరం వెళ్ళేసరికి, తిట్లు పడనందుకు లుత్ఫీకి భయం పట్టుకుంది.

"నజీహా, నీకేమీ అనిపించట్లేదా?"

"ఏమనిపించాలి?"

"సగం సీసా ఒంపుకున్నానే!"

కారు పక్కకు తీయమంది. తీశాక, అతని కాలరు పట్టుకుని లాగి, మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. అవతలివైపు తిప్పి ఇంకోసారి పీల్చింది.

"ఎవరన్నా చూస్తే, ఈ వయసులో వీళ్ళకిదేం పొయ్యేకాలం అనుకుంటారు" అన్నాడు లుత్ఫీ నవ్వు తెచ్చిపెట్టుకుని.

ఆమె నవ్వలేదు. వెనక్కి జరిగి, చీర కొంగు లాంటిదేదో దొరికితే దాంట్లో ముఖం దాచుకునేదేమో, ఉన్న శాలువానే పైకి లాక్కుంది. కోతలకు ముందు వచ్చిన జ్వరంతో పోయిన వాసన జలుబు తగ్గితే తిరిగొస్తుందని అన్నాళ్ళూ తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చింది. జలుబు తగ్గి చాలా రోజులైంది.

"ఎవరికీ చెప్పకు" అంది. "ఉమ్మీకి కూడా."

ఉమ్మీ అంటే ఆమె తల్లి మన్నూబియా. వీళ్ళతోనే ఉంటుంది.

ఇంకెవరికైనా ముక్కు పోతే కూర రుచి తెలియదు, అంతే. నజీహాకు ఆ ముక్కే ఉద్యోగం. ఊరి చివర సర్కారువారి ఆలివ్ పరిశోధనాలయం ఉంది. అందరూ దాన్ని ల్యాబు అనే అంటారు. అక్కడ ఆమె టెక్నీషియను. నూనెలో పులుపెంత, పాడెంత అన్నది యంత్రాలు చెబుతాయి. కానీ నూనె మంచిదా కాదా అన్న ఆఖరి మాట మాత్రం యంత్రానిది కాదు, మనిషిది. అందుకోసం ల్యాబులో రుచి చూసే బృందం ఒకటి ఉంది. పూర్వం ఎప్పుడో సిబ్బందిని అందరినీ పిలిచి, కప్పులు వాసన చూపించి, ఎవరి ముక్కు నికరమో తేల్చారు. అందులో నెగ్గిన వాళ్ళలో ఇప్పటికీ మిగిలింది నజీహా ఒక్కతే. మిగతా వాళ్ళు రిటైరయ్యారు, కొందరు సిగరెట్లకు లొంగారు.

ఆ బృందంలో చేరినవాళ్ళు మొదట నేర్చుకునేది కుప్ప వాసన. కాయ కోశాక వెంటనే గానుగాడకుండా గోనెల్లోనో, నేల మీద కుప్పగానో వదిలేస్తే లోపల వేడెక్కి మగ్గుతుంది. ఆ కాయ నూనెకు ఒక వాసన పడుతుంది. ప్రపంచమంతా దాన్ని దోషమంటుంది. స్ఫాక్స్ జనం మాత్రం తరతరాలుగా ఆ నూనే తిని పెరిగారు. వాళ్ళకది దోషం కాదు, అమ్మ చేతి వంట. చంటిపిల్లాడి రొమ్ముకు రాసినా, పొద్దున్నే పేలపిండిలో కలిపినా అదే నూనె. అలాంటి ఊళ్ళో కుప్ప వాసన పట్టుకునే మనుషుల్ని తయారుచెయ్యడం ఎంత కష్టమో బృందం పెద్ద డాక్టర్ రౌదాకు తెలుసు. అందుకే ఆవిడ ఒక చిట్కా చెప్పేది.

"కప్పు వాసన చూడగానే రొట్టె ముక్క కావాలనిపించిందా? ఇంటికెళ్ళిపోవాలనిపించిందా? ఇంకేం ఆలోచించకండి. కుప్ప వాసన దగ్గర గీత పెట్టండి."

అందరూ నవ్వేవాళ్ళు గానీ చిట్కా పనిచేసేది. నజీహా తన పని మొత్తం ఆ రొట్టె ముక్క మీదే నడుపుకొచ్చింది. ఇంటికొస్తే మాత్రం సంగతి వేరు. మన్నూబియాకు ఊరవతల తాతల నాటి ఆలివ్ చెట్లు కొన్ని ఉన్నాయి. ఆ కాయను ఉప్పు జల్లి, గోనెలు కప్పి, కొట్టుగదిలో వారాల తరబడి మగ్గబెట్టి, అప్పుడు పాత గానుగలో ఆడిస్తుంది. నూనెను జాడీలో పోసి తాళం వేస్తుంది. మడ్డి పేరుకున్నాక, చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో మూత తీస్తుంది. ఆ రోజు రొట్టె, నూనె గిన్నె కూతురి ముందు పెట్టి ఒకే ప్రశ్న అడుగుతుంది.

"మీ ల్యాబు నూనెలకన్నా నయమా, కాదా?"

"దీని ముందు అవన్నీ నీళ్ళు, ఉమ్మీ."

ల్యాబు లెక్కలో ఆ నూనె దీపాలకు తప్ప పనికిరాదు. ఆ సంగతి తల్లికి చెప్పాలని నజీహాకు ఏనాడూ అనిపించలేదు. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. నాలుక నిజంగానే ఆ మాట అనేది.

ఆ ఏడు ముక్కు పోవడానికి అంతకంటే పాడు సమయం లేదు. ల్యాబుకూ ఒక గానుగ కంపెనీకీ పొత్తు కుదిరింది మరి.

డాక్టర్ రౌదా దగ్గర ఒక ఆలోచన ఉండేది. కోతల రోజుల్లో గానుగ ముందు లారీలు బారులు తీరతాయి, కాయ గోనెల్లోనే మగ్గిపోతుంది. ఆ కాయను గట్టి మూతలున్న పెద్ద పెట్టెల్లో పోసి, లోపలి గాలి తీసేసి నైట్రోజన్ నింపితే, వంతు వచ్చేదాకా చెట్టు మీదున్నట్టే ఉంటుంది. చిన్న డబ్బాల్లో చేసి చూసింది, కుదిరింది. పెద్ద పెట్టెలు చేయించడానికి ల్యాబు దగ్గర సొమ్ము లేదు. ఫ్యాన్ రెక్క విరిగితే బాగుచేయించడానికే రాజధాని ట్యూనిస్ నుంచి అనుమతి రావాలి, ఇక పెట్టెలెక్కడివి? ఆ ఆలోచన బీరువాలో పడి నిద్రపోయింది.

తౌఫీక్ అనే గానుగ యజమానిని అందరూ సీ తౌఫీక్ అంటారు, సీ అంటే గారు. అతని సంగతి దీనికి తలకిందులు. గానుగలున్నాయి, లారీలున్నాయి, నూనె కొనే జర్మనీ వాళ్ళున్నారు. మగ్గిన కాయతో ఏటా నష్టపోవడం కూడా ఉంది. పరిశ్రమలతో చెయ్యి కలపండని పైనుంచి ఉత్తర్వు వచ్చాక రౌదా అతని దగ్గరికి వెళ్ళింది. మొదటి మాటలోనే ఇద్దరూ కీచులాడుకున్నారు.

"డాక్టరమ్మా, మీ పరిశోధన ముగిసేలోపు నా మనవళ్ళకు గడ్డాలొస్తాయి" అన్నాడతను.

"మీ తొందరకు లొంగితే మీ మనవళ్ళకు గానుగలుండవు" అందావిడ.

నెలల తరబడి వాదించుకుని ఒప్పందం రాసుకున్నారు. పెట్టెలు, కాయ, చోటు కంపెనీవి. పద్ధతి, పర్యవేక్షణ ల్యాబువి. ముందు కొద్ది పెట్టెలతో ఒక కోత కాలం చూస్తారు. నూనె శుభ్రంగా వస్తే కంపెనీ వందల్లో చేయిస్తుంది, ల్యాబుకు వాటా వస్తుంది. ల్యాబు తన సొంత సంపాదన కళ్ళచూడటం అదే మొదటిసారి అవుతుంది. శుభ్రంగా ఉందో లేదో చెప్పాల్సింది మాత్రం రుచి బృందమే.

"మీ బిడ్డకు మీరే మార్కులు వేసుకుంటారా?" అని సీ తౌఫీక్ అక్కడా పేచీ పెట్టాడు.

అందుకని కప్పుల మీద అంకెలు మాత్రమే ఉండేట్టు, ఏ అంకె ఏ పెట్టెదో కంపెనీ మనిషి దగ్గరే ఉండేట్టు ఒప్పుకున్నారు. ఇంకో నియమం ఎప్పటినుంచో ఉన్నదే. బల్ల ముందు ఎనిమిది మందికి తగ్గితే ఆ తీర్పు చెల్లదు. ఆ చలికాలం బృందంలో ఒకామె కూతురి పురుడికి ఫ్రాన్స్ వెళ్ళింది, ఇంకొకతను ఉద్యోగమే మానేశాడు. లెక్క చూస్తే నజీహాతో కలిపి సరిగ్గా ఎనిమిది మంది మిగిలారు.

చెబితే పరీక్ష ఆగిపోతుంది. కోతలు అయిపోతే ఇక ఏడాదిదాకా కాయ లేదు, అప్పటిదాకా సీ తౌఫీక్ ఆగడు. చెప్పకపోతే గుడ్డిదాన్ని కాపలా పెట్టినట్టు. ఈ రెండిటి మధ్యా నజీహా నలిగిపోయింది. నిజం చెప్పాలంటే మూడో భయం ఒకటుంది, అన్నిటికన్నా అదే పెద్దది. ఆ బల్ల ముందు కుర్చీ పోతే తను ఎవరు? ఊళ్ళో ఆడవాళ్ళు కొత్త నూనె గిన్నెలతో ఆమె గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. "లల్లా నజీహా, ఒక్కసారి వాసన చూసి చెప్పవా" అనేవాళ్ళు, లల్లా అంటే అమ్మగారు అన్నట్టు. ఆమె పీల్చి, కళ్ళు మూసుకుని, ఊఁ అంటే చాలు, వాళ్ళ ముఖాలు వెలిగేవి.

వారానికోసారి జరిగే సాధనలో ఎలాగో నెట్టుకొచ్చింది. చేదు నాలుకకు తెలుస్తుంది, మంట గొంతుకు తెలుస్తుంది. ఆ రెండిటికీ ముక్కుతో పని లేదు. వాటిని పట్టుకుని మిగతాది ఊహించి గీతలు పెట్టేది. ఇన్నేళ్ళ అనుభవం కదా, ఊహ తరచుగా సరిపోయేది. సరిపోయిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఏడ్చేది.

ఇంట్లో లుత్ఫీ మాస్టారి అవతారం ఎత్తాడు. ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసే మనిషి. ఏ యంత్రమైనా మళ్ళీ మళ్ళీ ఆడిస్తే కదులుతుందని అతని నమ్మకం. రోజూ పొద్దున్నే ఆమె కళ్ళకు గుడ్డ కట్టి, లవంగాల డబ్బా, జీలకర్ర డబ్బా, నారింజపూల నీళ్ళ సీసా, కాఫీ పొడి ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టేవాడు.

"ఇదేంటి?"

"జీలకర్ర."

"ఇది?"

"జీలకర్రే."

"అన్నిటికీ జీలకర్రేనా?"

"స్ఫాక్స్ వంటింట్లో కళ్ళు మూసుకుని ఏది అడిగినా జీలకర్ర అంటే సగం సార్లు నిజమవుతుంది" అంది ఆమె గుడ్డ విప్పేస్తూ. దాన్ని మడతపెడుతూ మళ్ళీ అంది. "లుత్ఫీ, ఇక రాదేమో."

"వస్తుంది. మొండి మోటారు కూడా మొదట గరగరమనే తిరుగుతుంది."

అన్నట్టే గరగరమంటూ వచ్చింది. ఒకరోజు కాఫీ డబ్బా మూత తీయగానే నజీహా కుర్చీలోంచి లేచి వెనక్కి గెంతింది. అందులోంచి కాలిన టైరు కంపు కొట్టింది. మర్నాడు ఉల్లిపాయ కుళ్ళుకంపు కొట్టింది. లుత్ఫీ సబ్బు భరించలేకపోయింది. మందుల షాపతను విని, కొందరికి వాసన తిరిగొచ్చేటప్పుడు ఇలాగే వంకరగా వస్తుందనీ, కొన్నాళ్ళకు సర్దుకోవచ్చనీ, సర్దుకోకపోనూవచ్చనీ అన్నాడు. ఆ చివరి మాటే ఆమె చెవిలో మిగిలింది.

మన్నూబియా అప్పటికి కొన్నాళ్ళుగా కెర్కెన్నా దీవిలో చిన్నకొడుకు ఇంట్లో ఉంది. నూనె జాడీ తాళంచెవి బొడ్లో దోపుకునే పడవెక్కింది. ఇంట్లో బజారు నూనెతోనే వంటలు జరుగుతున్నాయి. తల్లి లేకపోవడం మంచిదే అయిందనుకుంది నజీహా. ఆ కళ్ళ ముందు దాచడం తన వల్ల కాదు.

కోతలు అయిపోవచ్చే రోజుల్లో పరీక్ష పెట్టారు.

రుచి గదిలో మాటలుండవు. ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా మధ్యలో చెక్కలుంటాయి. ఒక్కొక్కరి ముందు నాలుగు నీలం గాజు కప్పులు, నూనె రంగు కనపడకుండా. పైన గాజు మూతలు. పక్కన ఆపిల్ ముక్కలు, నీళ్ళు. ఒక కాయితం మీద ఒక్కో గుణానికీ ఒక్కో గీత. ఎంత బలంగా అనిపిస్తే అంత దూరంలో గుర్తు పెట్టాలి, ఏమీ లేకపోతే ఖాళీగా వదిలెయ్యాలి. గాజు గది బయట సీ తౌఫీక్ పచార్లు చేస్తున్నాడు. లోపలికి రావడానికి వీల్లేదు, అతని ఒంటి మీద అత్తరు.

నజీహా మొదటి కప్పు అరచేతిలో పెట్టుకుని వెచ్చబెట్టింది. మూత తీసి పీల్చింది. ఎక్కడో దూరంగా, గోడ అవతల ఎవరో గడ్డి కోస్తున్నట్టు పలచటి వాసన. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెలల తర్వాత నూనె నూనెలా వాసన వచ్చింది. రెండోదీ అంతే. మూడోది ఇంకాస్త బలంగా. ఆత్రంగా నాలుగో కప్పు మూత తీసింది. దాని మీద ముప్పై ఏడు అంకె ఉంది.

కంపు కొట్టింది. గభాల్న మూత పెట్టేసింది. కాసేపాగి మళ్ళీ తీసింది. తడి చెత్తను మూటగట్టి ఎండలో పడేస్తే వచ్చేలాంటి వెచ్చటి కంపు. కాఫీ టైరు కంపు కొట్టిన రోజు ఎలా వెనక్కి గెంతిందో ఇప్పుడూ అలాగే ఒళ్ళు వెనక్కి లాగింది.

ఇది నూనెదా? నా ముక్కుదా?

పెన్సిలు కుప్ప వాసన గీత మీదికి వెళ్ళి ఆగింది. రొట్టె గుర్తొచ్చిందా? రాలేదు. ఇంటికెళ్ళాలనిపించిందా? లేదు, కప్పు విసిరికొట్టాలనిపించింది. ఇన్నేళ్ళలో ఏ కుప్ప వాసనా తనకు ఇలా తగల్లేదు. కాబట్టి ఇది కుప్ప వాసన కాదు, రోగం. ఇప్పుడు గీత పెడితే, తన రోగం తీసుకెళ్ళి రౌదా పెట్టెల మీద రుద్దినట్టవుతుంది. పక్క చెక్కల వెనక వాళ్ళందరూ నిశ్శబ్దంగా రాసుకుంటున్నారు. ఆమె నుదుటి చెమట తుడుచుకుని, ఆ గీతను ఖాళీగా వదిలేసి, కాయితం తిరగేసి పెట్టింది.

మధ్యాహ్నానికి ఫలితం తేలింది. ఎనిమిది మార్కుల్నీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టి, నడిమి రెండిటి సగటును నడిమి మార్కుగా తీస్తారు. నాలుగు నూనెలకూ దోషం సున్నా.

సీ తౌఫీక్ ఆనందం పట్టలేక బాదం మిఠాయి పళ్ళెం పట్టుకుని గది గదికీ తిరిగాడు. మర్నాడే మంత్రిత్వశాఖ వాళ్ళు వస్తున్నారు, పెద్ద ఒప్పందం మీద సంతకాలు. ల్యాబు గేటుకు అప్పుడే బ్యానరు కట్టేస్తున్నారు. అతను నజీహా బల్ల దగ్గర ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"లల్లా నజీహా, మా అమ్మ కూడా నూనె మీకు చూపించందే ముట్టేది కాదు. మీ ముక్కు ఒప్పుకుందంటే ఇక నాకెవరి సంతకమూ అక్కర్లేదు. జర్మనీ వాడికి ఫోన్ చేసి చెప్పేశా, పెట్టెల నూనె పంపుతున్నానని."

"అప్పుడేనా?" అంది ఆమె. మిఠాయి చేతిలోనే ఉండిపోయింది.

"మరి! మీ సర్కారువాళ్ళలా ఏడాది ఆలోచించమంటారా?"

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నజీహా ఆ నాలుగో కప్పునే తలుచుకుంది. తన ముక్కుదే తప్పయితే సరే. కాకపోతే? ఆ నూనె సముద్రం దాటి, కుప్ప వాసనంటే ఏమిటో తెలిసిన వాళ్ళ ముందు మూత తెరుచుకుంటే? రౌదా ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? ఈ ఊరి సర్కారు ల్యాబు మాట మళ్ళీ ఏ గానుగవాడు నమ్ముతాడు? మిఠాయిని కాయితంలో చుట్టి సొరుగులో పడేసి, వెళ్ళి రౌదా గది తలుపు కొట్టింది.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"డాక్టర్, నా కాయితం తీసెయ్యండి. నాకు వాసన తెలియట్లేదు."

రౌదా కళ్ళజోడు తీసింది. "ఎప్పటినుంచి?"

"కోతల ముందు జ్వరం నుంచి. ఈమధ్య వస్తోంది గానీ వంకరగా వస్తోంది."

"అంటే ఈ సీజనంతా... ఈ సీజనంతా ఏమీ తెలియకుండా నా బల్ల ముందు కూర్చున్నారా?" రౌదా గొంతు పెంచే మనిషి కాదు, ఇప్పుడూ పెంచలేదు. అదే నజీహాకు ఎక్కువ తగిలింది. "ఒక్క మాట చెప్పుంటే సూస్ ఊళ్ళో ఉన్న రుచి బృందం నుంచి మనిషిని పిలిపించుకునేదాన్ని కదండీ. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఇక్కడుంటారు. దానికోసం ఇంత దాచారా?"

ఈ ఆలోచన నజీహాకు ఇన్నాళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. తను తప్ప ఎనిమిదోవాళ్ళు లేరనే అనుకుంది.

"పరీక్షలో ఏమైనా తెలిసిందా, పూర్తిగా ఊహేనా?"

"మూడు కప్పులు కొద్దిగా తెలిశాయి. ముప్పై ఏడు మాత్రం భరించలేకపోయాను. అది నా రోగమే. కుప్ప వాసనైతే రొట్టె గుర్తొచ్చేది కదా, రాలేదు. అందుకే ఖాళీగా వదిలేశాను."

రౌదా తన ముందున్న కాయితాల్లోంచి కొన్ని వేరుచేసి చూసింది.

"ముప్పై ఏడులో కుప్ప వాసన ఉందని ముగ్గురు పెట్టారు. మీరు నాలుగో వాళ్ళయ్యేవారు. మీకు తోచింది తోచినట్టు పెట్టుంటే నడిమి మార్కు సున్నా అయ్యేది కాదు."

నజీహా గోడకు ఆనుకుంది. "మరి మిగతా నలుగురు?"

"వాళ్ళ ఇళ్ళల్లో ఏ నూనె తింటారో మీకు తెలీదా? రొట్టె గుర్తొచ్చి ఉంటుంది, గుర్తొచ్చిందని వాళ్ళు గమనించి ఉండరు." రౌదా కళ్ళు నులుముకుంది. "ఇప్పుడు మీ మార్కు మార్చడానికి లేదు. ఉంచడానికీ లేదు. మీరు లేకపోతే ఏడుగురే. మొత్తం పరీక్షే చెల్లదు."

కిటికీలోంచి గేటు కనపడుతోంది. ఒకతను నిచ్చెనెక్కి బ్యానరు రెండో కొసకు తాడు కడుతున్నాడు. ఇద్దరూ అటే చూశారు. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. రౌదా ఎన్నేళ్ళ కష్టమో అది. నజీహా ఆవిడ ముఖం వైపు చూడటానికి ధైర్యం చాలక నేల చూపులు చూసింది.

"తలుపు వేసి వెళ్ళండి" అంది రౌదా.

నజీహా బయటికొచ్చి, తలుపు వేసి, అక్కడే నిలబడిపోయింది. లోపల నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం. దాచేస్తుందేమో, అలా దాచడం నేర్పింది నేనే అవుతానేమో అని భయపడింది. అప్పుడు ఫోన్ నొక్కిన చప్పుడు వినపడింది.

"సీ తౌఫీక్, మీరు అర్జంటుగా యార్డుకు రండి. లేదు, మంచి వార్త కాదు."

గానుగ యార్డులో, ముప్పై ఏడు ఏ పెట్టెదో కంపెనీ మనిషి తన జాబితా చూసి చెప్పాక, ఆ పెట్టె మూత విప్పారు. రబ్బరు అంచు కింద ఎండు రెమ్మ ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ సందులోంచి గాలి తీరిగ్గా లోపలికి పోతూ వచ్చింది. పద్ధతి తప్పు కాదు, మూత తప్పు. ఆ తేడా వినే ఓపిక సీ తౌఫీక్‌కు లేదు.

"సర్కారుతో పొత్తు వద్దని మా తమ్ముడు మొత్తుకున్నాడు, విన్నానా! పెట్టెలు లేవంటే పెట్టెలిచ్చా, కాయ లేదంటే కాయిచ్చా. చివరికి ముక్కులు కూడా నేనే ఇవ్వాలా?" తర్వాత నజీహా వైపు తిరిగాడు. "మీ పేరు చెప్పి జర్మనీ వాడికి ఫోన్ చేశానమ్మా నేను. మీ పేరు చెప్పి!"

ఆమె తల ఎత్తలేదు. అతను అరిచి అరిచి అలిసి, ఒక ఖాళీ గోనెల కట్ట మీద కూలబడ్డాడు. ఆ రెమ్మను వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు.

"వందలు చేయించాక తెలిసుంటే?" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తనకే తెలియనట్టు. "కాయ ఇంకా కొంచెం ఉంది. మూతలు మార్పించండి. ఈసారి రుచి మాత్రం మీ వాళ్ళొద్దు. ఈ ఊరి వాళ్ళే వద్దు."

"సూస్ వాళ్ళను పిలుస్తా" అంది రౌదా. "సంతకాలు ఆగుతాయి. ట్యూనిస్‌కు నేను చెప్పుకుంటా."

తిరిగొచ్చేటప్పుడు కారులో రౌదా ఒక్క మాటే అంది. "వచ్చే కోతల ముందు కొత్తవాళ్ళతో పాటు మీరూ పరీక్షకు రండి, లల్లా నజీహా. అప్పటిదాకా ఆ గదిలోకి రావద్దు."

ఆమె సరేనంది. గేటు దగ్గర బ్యానరు విప్పుతున్నారు.

ఇంటికి చేరేసరికి మన్నూబియా వచ్చేసి ఉంది. కెర్కెన్నా పడవ దిగి, ఎండు ఆక్టోపస్ మూటతో సహా వంటింట్లో బైఠాయించింది. లుత్ఫీ భార్య ముఖం చూసి ఏదో అడగబోయి ఆగాడు. ముసలావిడకు అవేమీ పట్టలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి, జాడీ మూత తెరిచి, కొత్త నూనె గిన్నెలోకి ఒంపి, బార్లీ రొట్టె పక్కన పెట్టింది.

"రా, కూర్చో. నీ కోసమే తొందరపడి వచ్చా. మడ్డి దిగిపోయుంటుందని అక్కడ నిద్ర పట్టలేదు నాకు. మీ తమ్ముడి పెళ్ళాం బజారు నూనెతో వండుతుంది, నోట్లో పెట్టలేం."

నజీహా రొట్టె తుంచింది. నూనెలో ముంచింది. నోటి దగ్గరకు తెచ్చుకునేసరికి ముప్పై ఏడో కప్పు కంపు కొట్టింది.

అదే. వెచ్చటి తడి చెత్త మూట. ఏ అనుమానమూ లేదు, ఒక పిసరు తేడా లేదు. పొయ్యి మీద కాఫీ మరుగుతోంది, అది శుభ్రంగా కాఫీ వాసనే వేస్తోంది. లుత్ఫీ సబ్బు సబ్బులాగే ఉంది. ముక్కు తిరిగొచ్చింది. వంకర ఏమీ లేదు. నెలల తరబడి దేని కోసం ఏడ్చిందో అది మొత్తంగా తిరిగొచ్చింది. ఇప్పుడా ముక్కు, చిన్నప్పటినుంచి తిన్న ఈ నూనెను, ప్రపంచమంతా ఎలా చూస్తుందో అలాగే, పరాయిదానిలా చూస్తోంది. ఇక ఏ కప్పు మూత తీసినా రొట్టె గుర్తుకు రాదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

మన్నూబియా శాలువా అంచుకు చేతులు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చుంది. ఆ కళ్ళు కూతురి నోటి మీదే ఉన్నాయి.

"ఊఁ, చెప్పు. మీ ల్యాబు నూనెలకన్నా నయమా, కాదా?"

నజీహా ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. మింగింది.

"దీని ముందు అవన్నీ నీళ్ళు, ఉమ్మీ."

"నాకు తెలుసుగా!" అంది ముసలావిడ, గిన్నెలోకి ఇంకాస్త ఒంపుతూ. "తిను, తిను. ఎంత చిక్కిపోయావో చూడు."